అజ్జూ ఎవరి పిల్లాడు?

1996 మార్చి 9, శనివారం రాత్రి. మా కొత్తపట్నంలో రంగుల టీవీ ఉన్న ఇళ్లు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా వీధి చివర ధాన్యం వ్యాపారి ఇంటి వరండాలో స్టూలు మీద టీవీ పెట్టారు. వాకిట్లో చాపలేసుకుని వీధి వీధంతా కూచున్నాం. బెంగుళూరులో ఇండియా, పాకిస్తాన్ ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్ ఆడుతున్నాయి. నాకు పదిహేనేళ్లు. నా పక్కన మా అబ్బా. ఆయన దర్జీ. ఆయన పక్కన పరుపులు కుట్టే దూదేకుల తాత. ఆ తాతకి ఉర్దూ ఒక్క ముక్క రాదు. ఏడ్చినా తెలుగులోనే, తిట్టినా తెలుగులోనే. కానీ పాకిస్తాన్ ఓపెనర్లు ఇద్దరూ బాదటం మొదలెట్టేసరికి వాకిట్లో తలలు మా ముగ్గురి వైపే తిరిగాయి. ఆ తిరగటంలో ద్వేషం ఉందని నేననను. అదొక అలవాటు. వానొస్తుందేమోనని ఆకాశం వంక చూసే అలవాటు లాంటిది.

వెంకటేశ్ ప్రసాద్ ఆమిర్ సొహైల్ వికెట్టు ఎగరగొట్టినప్పుడు ఆ వాకిట్లో అందరికంటే ముందు లేచి, అందరికంటే గట్టిగా అరిచింది మా అబ్బా. ఆయనకి ఎల్బీడబ్ల్యూ అంటే ఏంటో తెలీదు. ఎప్పుడు అరవాలో మాత్రం తెలుసు.

ఇండియా 39 పరుగులతో గెలిచింది. వ్యాపారి గారు మా అబ్బా భుజం తట్టి, "మన కెప్టెన్ మొనగాడయ్యా సాయిబూ" అన్నాడు. ఆ రాత్రి అజహరుద్దీన్ ఆ వీధి మొత్తానికి 'మన కెప్టెన్'.

నాలుగు రోజులు తిరిగాయి. మార్చి 13, కలకత్తా, శ్రీలంకతో సెమీఫైనల్. అజహర్ టాస్ గెలిచి ఫీల్డింగ్ తీసుకున్నాడు. 98 పరుగులకి ఒక్క వికెట్టు పోయిన జట్టు 120కి ఎనిమిది పోగొట్టుకుంది. అజహర్ ధర్మసేనకి తిరుగు క్యాచ్ ఇచ్చి సున్నాకి వెళ్లిపోయాడు. జనం సీసాలు విసిరారు, స్టాండ్లలో మంటలు పెట్టారు, మ్యాచ్‌ని శ్రీలంకకి ఇచ్చేశారు. మా వాకిట్లో ఎవరూ ఏమీ తగలబెట్టలేదు. అదే వ్యాపారి గారు చాప దులుపుకుంటూ, "చూశావా సాయిబూ, మీవాడు ఏం చేశాడో!" అన్నాడు.

'మన' నుంచి 'మీ'కి నాలుగు రోజులు. మా అబ్బా దానికి జవాబు చెప్పలేదు. దారిలో నాతో కూడా మాట్లాడలేదు.

క్రికెట్ ఆటని మా దేశభక్తికి తూకం రాయిగా ఎట్లా పెట్టారో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ'లో 1991లోనే చెప్పాడు. ఆ పుస్తకం నా చేతికి చాలా తర్వాత, ఒంగోల్లో బి.ఏ. చదివేటప్పుడు వచ్చింది. చదివినప్పుడు ఇది మా వాకిలి కదా అనుకున్నాను. ఇవాళ నేను రాయదలుచుకున్నది వాకిలి గురించి కాదు, ఆ వాకిలికి మాటలు అందించిన వాళ్ల గురించి. అంటే పత్రికల గురించి, టీవీల గురించి. ఇరవయ్యేళ్లకి పైగా అందులోనే కూడు తింటున్నాను కాబట్టి నా గురించి కూడా.

మన తెలుగు పత్రికల్లో క్రీడా పేజీ సినిమా పేజీకి చిన్న తమ్ముడు. ఒకే భాష, ఒకే బిరుదులు, ఒకే పూనకం. సెంచరీ కొడితే వీరుడు, రెండు మ్యాచ్‌లు పోతే విలన్. మధ్యలో మనిషి అనేవాడు ఉండడు. పేద ఇల్లు, తల్లి గాజులు తాకట్టు, ఇంటర్వెల్ దగ్గర గాయం, క్లైమాక్స్‌లో కప్పు. ఆటగాడు ఎవరైనా కథ ఇదే. ముస్లిం ఆటగాడయితే మాత్రం ఇంకొక్క సీను అదనంగా కలుస్తుంది. తెలుగు సినిమాల్లో మంచి సాయిబు ఒకడుంటాడు చూడండి, హీరోకి ప్రాణస్నేహితుడు, హీరో కోసం కత్తిపోటు తిని అతని ఒళ్లోనే కన్నుమూస్తాడు. అదీ ఆ సీను. తన నిజాయితీని ఒళ్లు చీల్చుకుని చూపిస్తే తప్ప అతని పాత్ర పూర్తి కాదు.

అజహర్‌కి మన పత్రికలు పెట్టిన పేరు 'మణికట్టు మాంత్రికుడు'. డెస్కులో కూచున్నాక నేనూ ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ముద్దుగా ఉంటుంది, శీర్షికలో ప్రాస కుదురుతుంది. కానీ మాంత్రికుడు అన్నాక ఇక కష్టం ఏముంది? 1984 డిసెంబర్ 31న ఈడెన్ గార్డెన్స్‌లో మొదలైన టెస్టులో 110, ఆ తర్వాత మద్రాసులో 105, కాన్పూరులో 122. ఆడిన మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు అంతకుముందు ఎవరూ చేయలేదు. ఆ చెయ్యి అట్లా తిరగడానికి వెనక హైదరాబాద్ మైదానాల్లో ఎన్నేళ్ల చెమట ఉందో, తాతగారింట పెరిగిన పిల్లాడు కిట్టు మోసుకుని ఎట్లా తిరిగాడో రాయడానికి మాంత్రికుడు అనే మాట అడ్డం పడింది. మంత్రం వేసేవాడికి శ్రమ ఉండదు. ఇంకోటి కూడా ఉంది. ఇవాళ మంత్రం అన్నదాన్ని రేపు కనికట్టు అనడం తేలిక.

మాట అట్లాగే తిరిగింది. మొదట్లో సిగ్గరి, నమాజీ, తలొంచుకుని నడిచే హైదరాబాదీ కుర్రాడు. మన పత్రికలకి ఆ సాయిబు నచ్చాడు. తొంభైల మధ్యకి వచ్చేసరికి ఖరీదైన బట్టలు, చేతి గడియారాలు, 1996లో మొదటి భార్యతో విడాకులు, సంగీతా బిజ్లానీతో పెళ్లి. అంతే, క్రీడా పేజీ గాసిప్ పేజీ అయిపోయింది. తలొంచుకున్న సాయిబు ఎంత ముద్దో, తలెత్తిన సాయిబు అంత కంటగింపు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మనవాళ్లలో చాలామంది 2000 సంవత్సరం దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గిస్తారు, లేకపోతే అనవసరంగా పెంచుతారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు దక్షిణాఫ్రికా కెప్టెన్ హాన్సీ క్రానే మీద కేసు పెట్టారు. తనకి బుకీని పరిచయం చేసింది అజహరేనని క్రానే విచారణలో చెప్పాడు. నవంబర్ మొదట్లో సీబీఐ నివేదిక బయటికొచ్చింది. డిసెంబర్ 5న క్రికెట్ బోర్డు అజహర్‌ని జీవితాంతం నిషేధించింది. 99 టెస్టులు, 6215 పరుగులు, 22 సెంచరీల దగ్గర ఆట ఆగిపోయింది. మైనారిటీవాణ్ణి కాబట్టే నన్ను బలిచేస్తున్నారు అని అజహర్ అప్పట్లో ఒక మాటన్నాడు, తర్వాత దానికి క్షమాపణ కూడా చెప్పాడు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. పదేళ్ల పాటు 'నేను క్రికెటర్ని, నన్ను మతంతో చూడొద్దు' అన్నట్టు నిలబడ్డ మనిషి, బోను ఎక్కగానే మా అందర్నీ అడ్డం పెట్టుకున్నాడు. మా అబ్బా టైలరింగు షాపులో కూచుని ఆ మాటకి వారం రోజులు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. అజహర్ తీసుకున్నాడంటున్న డబ్బులో మా అబ్బాకి దారపు ఉండ కూడా రాలేదు. నిందలో వాటా మాత్రం సమానంగా వచ్చింది.

అయితే పత్రికల సంగతి వేరు. అదే రోజు అజయ్ శర్మకి జీవిత నిషేధం, అజయ్ జడేజాకి, మనోజ్ ప్రభాకర్‌కి అయిదేళ్ల నిషేధం పడ్డాయి. ఆ ముగ్గురి నేరమూ, అజహర్ నేరమూ ఒకే కొలత అని నేననడం లేదు. సీబీఐ ఒక్కొక్కరి గురించి ఒక్కొక్క రకంగా రాసింది. జడేజా మీద నిషేధాన్ని 2003లో కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత అతను టీవీ ముందు కూచుని నవ్వుతూ ఆట విశ్లేషిస్తున్నాడు, హాయిగా. నేనడిగేది చిన్న ప్రశ్న. జడేజా పేరు వచ్చిన రోజున ఏ ఊళ్లోనైనా ఏ దర్జీనైనా పట్టుకుని "చూశావా, మీవాడు ఏం చేశాడో" అన్నారా? అజహర్ మీద నిషేధం చట్టం ముందు నిలబడదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012 నవంబర్ 8న చెప్పింది. పన్నెండేళ్ల కింద మొదటి పేజీలో పడిన నింద మీద వచ్చిన తీర్పు ఇది. నాకు గుర్తున్నంతలో ఆ మర్నాడు నా చేతికొచ్చిన పేపర్లలో అది లోపలి పేజీ వార్త. ఆ తీర్పు అజహర్‌కి నిర్దోషి అని పూలదండ వేసిందని కూడా అనను. విచారణ సరిగ్గా చేయలేదు అంది. ఆ తేడాని విడమరిచి చెప్పాల్సింది పత్రికలే. చెప్పలేదు. హీరోకీ విలన్‌కీ మధ్య ఉండే చోటు మన పేజీల్లో లేదు గదా.

ఇది మన ఒక్కళ్ల కథ కాదు. జర్మనీ ఫుట్‌బాల్ జట్టులో ఆడిన తుర్కీ మూలాల మెసూత్ ఓజిల్, 2018 జులైలో జట్టు నుంచి తప్పుకుంటూ ఇదే ఏడ్చాడు. గెలిస్తే నేను జర్మనుణ్ణి, ఓడితే వలసవచ్చినవాణ్ణి అన్నది అతని ఫిర్యాదు సారం. కొత్తపట్నం వాకిట్లో మా అబ్బా అనలేకపోయిన మాట అది.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. 2005 సెప్టెంబర్. సానియా మీర్జా యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్లింది. అంతకుముందు ఏ భారతీయ మహిళా గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతదూరం పోలేదు. నేనప్పుడు హైదరాబాద్‌లో ఒక తెలుగు పత్రిక డెస్కులో సబ్ ఎడిటర్ని. ఎక్కడో ఒక మౌలానా ఆమె బట్టల్ని తప్పుబట్టాడని వార్త వచ్చింది. డెస్కులో ఉర్దూ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. "నువ్వైతే మాట్లాడగలవు, పాతబస్తీ నుంచి రెండు మూడు రియాక్షన్లు పట్టు" అన్నారు. ఫోన్ల మీద కూచున్నాను. మొదటాయన విసుక్కుని పెట్టేశాడు. రెండో ఆయన పెద్దమనిషి, మదరసాలో పాఠాలు చెప్పేవాడు. విషయం చెప్తే, "బేటా, వో లడ్కీ ఖేల్తీ క్యా హై?" అన్నాడు. ఆ అమ్మాయి ఏం ఆడుతుందో ఆయనకి తెలీదు. టెన్నిస్ అని చెప్పాను. స్కర్టు అని చెప్పాను. అప్పుడాయన, ఆడా మగా ఎవరైనా ఒళ్లు కప్పుకోవడమే మన దీన్ చెప్పింది అని, పిల్లకి అల్లా మంచి చేయాలని ఇంకో మాట కూడా అన్నాడు.

మర్నాడు పడిన బాక్సు శీర్షిక 'మతపెద్దల ఆగ్రహం'. దీవెన ఎగిరిపోయింది. శీర్షిక పెట్టింది నేను కాదు. కింద వాక్యాలు రాసింది మాత్రం నేనే. దీవెన రాస్తే బాక్సు పడదని నాకు తెలుసు గనక నేనే దాన్ని ఆఖర్లో పెట్టాను, జాగా చాలకపోతే ఎగిరేది ఆఖరిదేనని కూడా తెలిసే పెట్టాను. ఆ వారమంతా సానియా స్కర్టు మీద ఎన్ని వందల పంక్తులు పడ్డాయో గాని, ఆమె ఫోర్‌హ్యాండ్ గురించి మా పేజీలో ఒక్క పేరా పడలేదు. నిజంగా అభ్యంతరం చెప్పిన మౌలానాలు లేరని నేను బుకాయించను. ఉన్నారు. ఆడపిల్ల మైదానంలో దిగితే మోకాళ్లు కొలిచే పెద్దమనుషులు మా మధ్య ఉన్నారు, వాళ్లతో మా తగువు మాకుంది. కానీ అడగనివాడి దగ్గరికి వెళ్లి అడిగి, ఆగ్రహం లేనిచోట ఆగ్రహం తయారుచేసి, దాన్ని మెజారిటీ పాఠకుడికి పొద్దున్నే కాఫీతో పాటు అందించింది మేము.

అదే సానియా 2010లో షోయబ్ మాలిక్‌ని పెళ్లాడితే వారం రోజులు టీవీలు ఆమె ఇంటి గేటు ముందే కాపురం పెట్టాయి. 2014లో కొత్త తెలంగాణ ప్రభుత్వం ఆమెని రాష్ట్రానికి ప్రచారకర్తగా పెడితే, ఒక శాసనసభ్యుడు 'పాకిస్తాన్ కోడలు' అన్నాడు. 2015లో ఆమె డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్, వింబుల్డన్ విజేత. మళ్లీ 'మన సానియా'. మా వ్యాపారి గారి వాకిలి రాష్ట్రమంత పెద్దదైంది, అంతే.

సిరాజ్ దగ్గరికొద్దాం. ఈ తరం పిల్లలకి అజ్జూ కంటే ఇతనే దగ్గర. 2017లో హైదరాబాద్ జట్టు అతన్ని 2 కోట్ల 60 లక్షలకి కొన్న రోజు నుంచి 'ఆటోడ్రైవర్ కొడుకు' అన్నది అతని ఇంటిపేరు అయిపోయింది. ఆటో నడపటం సిగ్గుపడాల్సిన పని కాదు, గొప్పగా చెప్పుకోవాల్సిన తండ్రే. కానీ ఎనిమిదేళ్ల తర్వాత 2025లో ఓవల్‌లో అయిదు వికెట్లు తీసి ఇండియాని ఆరు పరుగులతో గెలిపించిన బౌలర్ని కూడా ఇంకా ఆటో ఎక్కించే తిప్పితే, అతను ఇన్‌స్వింగర్ని ఎట్లా మార్చుకున్నాడో, వరసగా అయిదు టెస్టులు ఆడిన ఒళ్లు ఆఖరి రోజున అంత వేగం ఎక్కడ దాచుకుందో ఎవరు రాస్తారు? పేదరికం కథ రాయడానికి ఆట తెలియక్కర్లేదు. అందుకే అది మాకు ఇష్టం.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి. 2020 నవంబర్‌లో అతని తండ్రి చనిపోయాడు. అతను ఆస్ట్రేలియాలో ఉన్నాడు, మట్టికి రాలేకపోయాడు. 2021 జనవరి 7న సిడ్నీలో జాతీయగీతం వస్తుంటే అతని కళ్లు కారిపోయాయి. తండ్రి గుర్తొచ్చాడని, తన కొడుకు దేశానికి ఆడితే చూడాలని ఆయన ఆశపడ్డాడని సిరాజే చెప్పాడు. కానీ టీవీల్లో ఆ కన్నీళ్లు ఎన్నిసార్లు తిరిగాయో, ఏ మాటలతో తిరిగాయో గుర్తు చేసుకోండి. దేశభక్తికి రుజువు అట. తండ్రి జనాజాకి అందలేకపోయిన కొడుకు ఏడుపుని కూడా సర్టిఫికెట్ కింద జిరాక్సు తీసి పంచారు. పంచినవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. మా బంధువుల ఫోన్లన్నిట్లో ఆ వీడియో తిరిగింది. "చూడండి, మావాడు ఏడుస్తున్నాడు" అని మనమే ఊరందరికీ చూపించుకున్నాం. మా అబ్బా వాకిట్లో ముందుగా లేచి అరిచినట్టే.

ఉర్దూ పత్రికలు ఇంతకంటే మెరుగా అని అడుగుతారు. రెండూ చదువుతాను కాబట్టి చెప్తాను. అక్కడ ఆటగాడు 'కౌమ్ కా ఫఖ్ర్'. జట్టు ప్రకటించగానే మనవాళ్లు ఎందరున్నారని లెక్క. వికెట్టు తీస్తే అది కౌమ్ తీసినట్టు. తెలుగు పత్రిక గెలిచినప్పుడు పేరులోని ముస్లింని మర్చిపోతుంది, ఉర్దూ పత్రిక ముస్లింని తప్ప ఇంకేదీ గుర్తుపెట్టుకోదు. ఆ బౌలరు ఇద్దరి బరువూ మోసుకుని పరుగెత్తాలి. మొహమ్మద్ షమీని చూడండి. 2021 అక్టోబర్‌లో దుబాయ్‌లో పాకిస్తాన్ చేతిలో జట్టంతా ఓడితే, బూతులు షమీ ఒక్కడికి పడ్డాయి. కెప్టెన్ కోహ్లీ గట్టిగా నిలబడ్డాడు, అది మర్చిపోకూడదు. 2025 మార్చిలో రంజాన్ నెల్లో మ్యాచ్ మధ్య ఏదో తాగాడని బరేలీ మౌలానా ఒకాయన అదే షమీని గుంజకి కట్టాడు. ఒకళ్లకి సరిపడా భారతీయుడు కాదు, ఇంకొకళ్లకి సరిపడా ముసల్మాన్ కాదు. రెండుసార్లూ టీవీలకి పండగే.

నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయితే, ఆమె పంచ్ గురించి అడిగినన్ని ప్రశ్నలు ఆమె నిక్కరు గురించి కూడా అడిగారు. ఇదంతా ముస్లింలకే జరుగుతుందనుకుంటే అదీ పొరపాటు. 2016లో సింధు రియోలో రజతం గెలిచిన రోజున మన తెలుగువాళ్లు గూగుల్‌లో ఏం వెతికారు? ఆమె కులం. 'తెలుగు తేజం' అని పేపర్లో అరుస్తూనే, ఏ తెలుగో తేల్చుకుందామని వెతికారు. హీరోని భుజాన ఎత్తుకునే ముందు ఒళ్లు తడిమి చూసే దేశం ఇది.

హీరోల గోలలో పడి అసలు మనిషిని పోగొట్టుకున్న కథ ఒకటుంది. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ బడిపంతులు. భారత ఫుట్‌బాల్‌కి శిక్షకుడు. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి మీద వచ్చాయి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు తెచ్చింది కూడా ఆయన రోజుల్లోనే. 1963లో పోయాడు. బి.ఏ. దాకా చదివిన నాకు, ఉర్దూ ఇంట్లో పుట్టిన నాకు, ఆయన పేరు మొదటిసారి తెలిసింది ముప్ఫై దాటాక. ఆయన్ని గుర్తుచేయడానికి 2024లో ఒక హిందీ సినిమా రావలసి వచ్చింది. ఆయన సిక్సర్లు కొట్టలేదు, సబ్బు అమ్మలేదు, పిల్లలకి బంతి ఆపడం నేర్పాడు. అట్లాంటివాళ్లకి మన పేజీలో ఫోటో సైజు ఉండదు. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2022లో అండర్-19 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండు మీద 50 కొట్టినప్పుడు జిల్లా పేజీలు ముచ్చటగా రాశాయి, తండ్రి పడ్డ పాట్లతో సహా. ఆ పేజీలు చూసి సంతోషించాను, భయపడ్డాను కూడా. పంతొమ్మిదేళ్లు నిండని పిల్లాడు. అతను ఆట ఆడుకుంటే చాలు, మా పరువు మొయ్యక్కర్లేదు.

అజహర్ 2009లో మొరాదాబాద్ నుంచి ఎంపీ అయ్యాడు, 2019లో హైదరాబాద్ క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 2025 అక్టోబర్ 31న తెలంగాణ మంత్రిగా ప్రమాణం చేశాడు. వార్తలన్నీ ఒకటే రాశాయి, మంత్రివర్గంలో ముస్లింలకి చోటు దక్కిందని. తర్వాత ఆయనకి ఇచ్చిన వాటిలో మైనారిటీ సంక్షేమం ఉంది. ఎవరి పిల్లాడో తేలక నలభయ్యేళ్లు ఊగిన మనిషికి చివరికి శాఖ రూపంలో జవాబొచ్చింది. మా అబ్బా ఉంటే ఏమనేవాడో. బహుశా మిషను తొక్కుతూ ఊరుకునేవాడు.

మొన్న సంక్రాంతికి కొత్తపట్నం వెళ్లాను. సముద్రం ఒడ్డున సరుగుడు తోట పక్కన మా ఊరి పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు, జాలరి పిల్లలు, మాలపల్లె పిల్లలు, మా సాయిబుల పిల్లలు కలిసి ఒకే జట్టు. మండలంలో కప్పు గెలిచారు. జిల్లా పేపర్లో పడిన ఫోటో చూపించారు. కప్పు ఇస్తున్న నాయకుడి పేరు, ఆయన పక్క నాయకుడి పేరు, వెనక నిలబడ్డ నాయకుడి పేరు ఉన్నాయి. పిల్లల పేర్లు లేవు, 'క్రీడాకారులు' అని ఒక్క మాట ఉంది. "అన్నా, నువ్వు పేపర్లో పనిచేస్తావు గదా, మా పేర్లు ఏపిచ్చవా?" అన్నారు. కాయితం తీసి ఒక్కొక్కటే రాసుకున్నాను. చివరి పిల్లాడు రైడరు, సన్నగా, ఒళ్లంతా ఇసుక. పేరు చెప్పాడు. "షేక్ అని పూర్తిగా రాయనా, ఎస్.కె. అని రాయనా?" అని అడిగాను.

"ఎట్టా రాసినా పర్లేదన్నా, పడితే చాలు" అన్నాడు.